పంజరాల మీద చీటీలు మార్చింది నేను

మా డిపార్టుమెంటు రజతోత్సవ సంచికలో నేనొక హాస్య వ్యాసం రాశాను. గంజాయి మింగిన ఎలుకలు ఎక్సైజు ఆఫీసరు ముందు గుర్రాల్లా పరుగెత్తడం, ఆయన పగలబడి నవ్వడం, గంజాయిలో ఏదో పిచ్చాకు కలిసిందని తేలడం, ఎలుకల గది అటెండరును తోటపనికి పంపేయడం, ఇదంతా రెండు పేజీల్లో వచ్చింది. చదివినవాళ్ళు బాగా నవ్వామన్నారు. అందులో ఒక్క సంగతి మాత్రం నేను రాయలేదు. గంజాయిలో ఏ ఆకూ కలవలేదు. పంజరాల మీద చీటీలు మార్చి అంటించింది నేను. ఆ సంగతి వ్యాసం రాసేటప్పుడు నాకు తెలుసు. అంతకు పన్నెండేళ్ళ ముందు, అది జరిగిన రోజు సాయంత్రమే తెలుసు.

తొంభైల నడిమి కాలంలో నేను తిరుపతిలో పరిశోధక విద్యార్థిని. గంజాయి శరీరానికి చేసే చెరుపును ఎలుకల మీద చూడడం నా పని. చదువుకునేవాళ్ళకు అది విషశాస్త్రం. బంగారుపాళ్యం దగ్గర మా ఊళ్ళో మాత్రం దానికి ఏ పేరు పెట్టాలో తెలియక మా నాయన చాలా ఇబ్బంది పడ్డాడు. "గంజాయి అనే మాట యాడా ఎత్తొద్దు. మందుల సదువు అని సెప్పు, సాలు" అన్నాడు. అమ్మ అంతకంటే తేలిగ్గా "మావాడు ఎలుకల సదువు సదువుతా ఉండాడు" అనేది. ఒక పెళ్ళిచూపుల్లో పిల్ల నాయన నా చేతివేళ్ళు, కళ్ళు పరీక్షగా చూసి, "పరీక్ష చేసేదొకటేనా, రుచి కూడా చూడాల్నా అబ్బా?" అని అడిగాడు. ఆ సంబంధం కుదరలేదు.

ఎలుకల గదికి ఒక అటెండరు ఉండేవాడు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ణి. ఇల్లు తిరుచానూరు. భార్య అమ్మవారి గుడి వీధిలో పూలు కట్టి అమ్మేది. నెలకొక శనివారం ఆయన నడిచి కొండెక్కి వచ్చేవాడు. ఎలుకలకు తిండీ నీళ్ళూ పెట్టడం, పంజరాలు కడగడం ఆయన ఉద్యోగం. ఎలుకలతో మాట్లాడడం ఉద్యోగంలో లేదు, అయినా అదే ఎక్కువ చేసేవాడు. "రా నాయనా, నోరు తెరు. చేదుగా ఉంటాది, అయినా మన సారు పాసు కావాల గదా" అంటూ ఎలుకను అరచేతిలో అణచి పట్టుకునేవాడు. నేను వంపు తిరిగిన సూదితో దాని గొంతులో మందు వదిలేవాణ్ణి.

ఆయనకు ఒక కోరిక ఉండేది. అటెండరు నుంచి ల్యాబ్ అసిస్టెంటు కావాలి. మా గైడు దసరా సెలవులు కాగానే సిఫారసు రాస్తానని మాటిచ్చారు. "ఆ పోస్టు వస్తే తెల్లకోటు ఇస్తారు గదప్పా?" అని నన్ను కనీసం పదిసార్లు అడిగాడు. ఒకసారి ఎవరూ లేనప్పుడు నా కోటు వేసుకుని కిటికీ అద్దంలో చూసుకున్నాడు. చేతులు పొడుగయ్యాయి. "కుట్టించుకోవచ్చులే" అన్నాడు.

మాకు గంజాయి చిత్తూరు నుంచి వచ్చేది. ప్రభుత్వం అనుమతి పత్రం ఇచ్చి, సీలు వేసిన సంచుల్లో తూకం వేసి ఇచ్చేది. మొదటిసారి దాన్ని తెచ్చింది మేమిద్దరమే, మామూలు బస్సులో. సంచి నా ఒళ్ళో. ఎండకు వాసన బస్సంతా పాకింది. కండక్టరు రెండుసార్లు మా సీటు దాకా వచ్చి ముక్కు ఎగబీల్చి వెళ్ళాడు. మూడోసారి ఆగాడు. అనుమతి పత్రం తీయడానికి నా చేతులు రాలేదు, జేబు ఎక్కడుందో కూడా మరిచిపోయాను.

"ఏందప్పా అది, ఇట్ల కొడతా ఉండాది?" అన్నాడు కండక్టరు.

"ఆవుకు కడుపుబ్బరం సామీ. ఆకుమందు. పట్టించినోడికే తెలుస్తాది దీని కంపు" అన్నాడు అన్న, రెప్ప వేయకుండా.

కండక్టరు తన బర్రెకున్న జబ్బు గురించి తిరుపతి దాకా చెప్పాడు. అన్న దానికి కూడా ఒక మందు చెప్పాడు. బస్సు దిగాక, "కాగితం ఉండగా అబద్ధమెందుకన్నా?" అంటే, "కాగితం సూపిస్తే బస్సంతా నిన్నే సూస్తాది. నీకు పెండ్లి కావాల్సి ఉండాది" అన్నాడు.

ఆ ఆకును ఆయనే ఎండబెట్టి, దంచి, జల్లించి ఇచ్చాడు. నేను దాని సారం తీసి నువ్వుల నూనెలో కలిపి నల్లసీసాలో పోశాను. బీరువా తాళం ఆయన దగ్గర ఉండేది. ఇక పరీక్ష. మూడేసి ఎలుకల చొప్పున నాలుగు పంజరాలు. రెండు పంజరాలకు గంజాయి కలిపిన నూనె, రెండింటికి ఉత్త నూనె. ఉత్త నూనె తాగేవాటిని కంట్రోలు అంటారు, తేడా తెలియడానికి. ఒక గంట పోయాక అన్నిటినీ తిరిగే కడ్డీ మీద నిలబెట్టాలి. తెలివిలో ఉన్న ఎలుక కడ్డీ మీద నడుస్తూనే ఉంటుంది. మత్తెక్కినది కింద పడుతుంది. తెల్ల ఎలుకలన్నీ ఒకే తీరుగా ఉంటాయి గనక ఏ పంజరం ఏదో తెలియడానికి ముందు భాగాన ఒక కాగితం చీటీ. మా శాస్త్రమంతా ఆ నాలుగు చీటీల మీదే నిలబడి ఉందని నాకు అప్పుడు తట్టలేదు.

ఆ ఏడాది ఆయుధపూజ. మా వైపు ఆ రోజు బస్సులకు, మగ్గాలకు, తక్కెడలకు పసుపు కుంకుమ పెట్టినట్టే మేము మైక్రోస్కోపులకు, త్రాసులకు, సూదులకు పెడతాం. గైడు పెద్ద సైంటిస్టే గాని ఆ విషయంలో రాజీ లేదు. పైగా ఆ రోజే ఎక్సైజు ఆఫీసరు మా గంజాయి రిజిస్టరు చూడడానికి వస్తున్నాడు. "పూజకే రమ్మన్నాను. బొరుగులు తిని, మన ఎలుకల్ని చూసి పోతాడు" అన్నారు గైడు.

ఎనిమిదింటికి నేనూ అన్నా కలిసి ఎలుకలన్నిటికీ నూనెలు పట్టాం. తర్వాత అన్న గుమ్మడికాయ తేవడానికి బయల్దేరుతూ, "పంజరాలు నేనొచ్చి కడుగుతాలే" అన్నాడు. నేనే కడుగుతానన్నాను. ఆఫీసరు వచ్చేసరికి అన్నీ తళతళలాడించి మంచి పేరు కొట్టేయాలని నా ఆలోచన.

ఆయన గడప దగ్గర ఆగాడు. "చీటీలు తీసేముందర పంజరం అడుగున సుద్దతో గుర్తు పెట్టుకోప్పా. నేను అట్లే చేస్తా."

"నాలుగు పంజరాలు గుర్తుండవా అన్నా నాకు? ఎమ్మెస్సీలో ఫస్టు నేను."

"అదీ నిజమే" అని వెళ్ళిపోయాడు.

చీటీలు తడవకుండా ఊడదీసి జేబులో వేసుకున్నాను. పంజరాలు పెరట్లోకి తెచ్చి కమ్మీలు తోమాను, మూడు వేళ్ళతో గంధం అడ్డబొట్లు పెట్టాను, కుంకుమ అద్దాను, బంతిపూలు గుచ్చాను. పెళ్ళికొడుకుల్లా తయారైన నాలుగింటినీ మళ్ళీ అరల్లో పెట్టి మైదా జిగురుతో చీటీలు అంటించాను. పై అరలో గంజాయి, కింది అరలో కంట్రోలు అని నాకు చక్కగా గుర్తుంది. ఏ పంజరాన్ని ఏ అరలోంచి తీశానన్నది మాత్రం గుర్తులేదు. అది గుర్తులేదన్న సంగతి కూడా గుర్తురాలేదు.

పూజ బ్రహ్మాండంగా జరిగింది. గుమ్మడికాయ ఒక్క దెబ్బకు పగిలింది. ఆఫీసరు బొరుగులూ పప్పులూ నములుతూ ఎలుకల గదికి వచ్చాడు. గైడు నా నల్లసీసాను ఎత్తి చూపించి, మత్తు నరాలకు ఏం చేస్తుందో అరగంట చెప్పి, "ఇప్పుడు చూడండి, ఇట్ల పెడితే అట్ల పడతాయి" అన్నారు. నేను గంజాయి చీటీ ఉన్న పంజరం తెరిచి మొదటి ఎలుకను కడ్డీ మీద పెట్టాను.

అది నడిచింది. ఆగకుండా నడిచింది. రెండోది ఇంకా హుషారుగా, వెనక్కి తిరిగి ఆఫీసరును చూసి మరీ నడిచింది. ఆరింటిలో ఒక్కటి పడితే ఒట్టు.

ఆఫీసరు నమలడం ఆపాడు. "సార్, మేం పట్టుకునే సరుకు ఒక్క దమ్ము లాగినోడు బెంచీ మీద నుంచి జారతాడు. మీ ఎలుకలు రైలుకు టైమైనట్టు పరిగెత్తతా ఉండాయే. మేం గంజాయి ఇచ్చినామా, కాఫీ గింజలు ఇచ్చినామా?"

కింది అర వంక ఎవరూ చూడలేదు. చూసి ఉంటే, ఉత్త నూనె తాగినవని చీటీ రాసిన ఆరు ఎలుకలు బంతిపూల కింద బోర్లా పడి నిద్రపోతూ కనిపించేవి. గైడు మొహం ఎర్రబడింది. ఆఫీసరు వెళ్ళిపోయాక అన్నను పిలిచారు.

"ఆకు ఎండబెట్టింది ఎవరు?"

"నేనే సార్."

"దంచింది?"

"నేనే సార్."

"బీరువా తాళం?"

"నాకాడే ఉండాది సార్."

"మరి మంచి సరుకు యాడికి పోయినట్టు? నెలనెలా కొండ కింద ఎవరెవరితో కూర్చుంటావో నాకు తెలీదనుకోవద్దు."

అన్న తల దించుకున్నాడు. నిజం చెప్పాలి, ఆయన ముఖంలో అచ్చంగా తప్పు చేసినవాడి బెదురు కనిపించింది. నాకే ఒక క్షణం అనుమానం వచ్చింది. ఆయన మొలతాడు నుంచి తాళంచెవి విప్పి బల్ల మీద పెట్టాడు. గైడు దాన్ని నా చేతికిచ్చారు.

సాయంత్రం తిండి పెట్టడానికి నేనొక్కణ్ణే వెళ్ళాను. మా ఎలుకల్లో ఒకటి నన్ను అంతకుముందు వారం కరిచింది. దాన్ని విడిపించుకునే పెనుగులాటలో దాని చెవి కొంచెం చినిగింది. అప్పటినుంచి మా ఇద్దరికీ పడదు. అది గంజాయి పంజరంలోది, అందులో సందేహం లేదు, ఎందుకంటే దానికి మత్తు పట్టించిన ప్రతిసారీ నాకు కొంచెం సంతోషంగా ఉండేది. ఆ చినిగిన చెవి కంట్రోలు పంజరంలో, అప్పుడే నిద్ర లేచి ఆవలిస్తూ కనిపించింది.

 నాలుగు చీటీలూ తడిపి, ఊడదీసి, సరిగ్గా అంటించాను. సెలవులు కాగానే గైడుకు చెప్పేద్దామనుకున్నాను. చెప్పేవాణ్ణే. కాని ఆయన ఆ రోజుకల్లా చాలా పనులు చేసేశారు. అన్నను తోటపనికి వేయించారు. సిఫారసు రాసేది లేదన్నారు. నల్లసీసాలో సారం పనికిరానిదని గుంతలో పోయించి, సీలు విప్పని రెండో సంచి ఇచ్చి, "ఈసారి నువ్వే దంచు" అన్నారు. దంచాను. ఎలుకలు కడ్డీ మీద పెట్టగానే టపటపా రాలాయి. గైడు నా భుజం తట్టారు. "సూసినావా? తాళం చెయ్యి మారింది, ఎలుకలు దారికొచ్చినాయి."

అప్పుడు నోరు విప్పితే నా ఫెలోషిప్పు పొడిగింపు కాగితం మీద ఆయన సంతకం పెట్టరు. అంతే సంగతి. ఇంతకంటే గౌరవమైన కారణం కోసం చాలా ఏళ్ళు వెతికాను, దొరకలేదు.

వారం తర్వాత అన్న తోటలో కనిపించాడు. మొక్కలకు నీళ్ళు పెడుతున్నాడు. "ఆ సీసా పోసిన గుంతకాడ కుక్కొకటి నాకిందంట. రెండు దినాలు లేవకుండా పండుకుండాది. సరుకు మంచిదేప్పా. సారుకు ఒక మాట చెప్పు" అన్నాడు.

"చూద్దాం అన్నా" అన్నాను.

నా థీసిస్‌లో కృతజ్ఞతల పేజీ ఒకటుంది. టైపు చేసినతనికి, బైండింగు చేసినతనికి, హాస్టలు వంటాయనకు కూడా చెప్పాను. అన్న లేడు. అంకెల విషయంలో ఎవరికైనా అనుమానముంటే, ఆయుధపూజ నాటి అంకెలు ఒక్కటీ అందులో లేవు, మిగతావన్నీ సరైనవే. ఈ మధ్య గైడుకు ఫోను చేసి అంతా చెప్పినప్పుడు ఆయన మొదట అడిగింది కూడా అదే.

నేను చిత్తూరులో లెక్చరరునయ్యాను. మత్తుమందుల మీద ఉపన్యాసం ఇవ్వాల్సి వచ్చినప్పుడల్లా పిల్లలు నిద్రపోకుండా ఆ కథ చెప్పేవాణ్ణి. అందులో అటెండరు మహా గడుసువాడు. ఏటేటా ఇంకొంచెం గడుసువాడయ్యాడు. చివరికి తిరుపతి డిపార్టుమెంటు వాళ్ళు సంచికకు వ్యాసం అడిగితే అదే రాసిచ్చాను.

రజతోత్సవం రోజు రిటైరైన సిబ్బందికి శాలువాలు కప్పారు. అన్న తప్ప పిలిచినవాళ్ళంతా వచ్చారు, ఒక్క శాలువా మిగిలింది. నిర్వాహకులు దాన్ని నా చేతిలో పెట్టి, "ఆయన ఇల్లు మీకు తెలుసు గదా, ఇచ్చేయండి. సంచిక ముందే పోస్టులో పంపినాము" అన్నారు. శాలువా మడిచి పట్టుకుని అప్పుడే బయల్దేరాను.

తిరుచానూరులో పూల అంగళ్ళ వెనక సందులో ఆ ఇల్లు. ఆయన అరుగు మీద కూర్చుని తామరాకులు తుడుస్తున్నాడు. ఆయన భార్య గడపలో కనకాంబరాలు కడుతోంది. నన్ను చూసి ఆయన లేచాడు. ఆమె లేవలేదు.

"పుస్తకం వచ్చినాదిలే సారూ. పక్కింటి పాపతో సదివించుకున్నా" అంది, దారం బిగిస్తూ. "గంజాయి సంగతి ఇన్నాళ్ళూ వీధిలో నోటిమాటగా ఉండె. ఇప్పుడు అచ్చయింది."

"గమ్మునుండు" అన్నాడాయన. "నీళ్ళు తీసుకురాపో."

ఆమె లోపలికి పోయింది. శాలువా కప్పబోతే ఆయన చేత్తో ఆపి అరుగు మీద పెట్టించాడు. నేను నిలబడే చెప్పాను. పంజరాలు, జేబులో చీటీలు, పై అర కింది అర, చినిగిన చెవి, ఫెలోషిప్పు. ఆయన అంతా విని, కోపంగా అడుగుతాడనుకున్నది అడగలేదు.

"అంటే లడ్డు వల్ల కాదా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

ముందు రోజు కొండకు పోయి వచ్చాడట. పూజ అయ్యాక, ఆఫీసరు ఎలుకల గదికి రాకముందు, గంజాయి చీటీ ఉన్న రెండు పంజరాల్లోనూ చెరో చిటికెడు లడ్డు వేశాడట. "రోజూ చేదు మింగే బిడ్డలు, పండగ పూటైనా తీపి తినాల గదా అనుకున్నా. బయటి తిండి పెట్టకూడదని నువ్వు రాసి అంటించినావు. నేనే తప్పినా. సామి ప్రసాదం తిన్నాక మత్తు యాడెక్కుతాది? నా వల్లే మీ పరీక్ష చెడిందని, సారు అడిగితే నోరెత్తలా."

"కాదన్నా."

"కొంచెం కూడా కాదా?"

ఇన్నేళ్ళ నా విషశాస్త్రంలో అంత కష్టమైన ప్రశ్న నన్నెవరూ అడగలేదు. "ఆ ఎలుకలకు ఆ పొద్దు గంజాయే పడలేదన్నా. ఉత్త నూనె."

ఆయన తామరాకు ఒకటి తీసుకుని, తుడిచిందాన్నే మళ్ళీ తుడిచాడు. "మనవళ్ళకు, మనవరాండ్లకు అందరికీ చెప్పినా గదప్పా. గంజాయిని గెలిచిన లడ్డు అని. వాళ్ళు బళ్ళో కూడా చెప్పుకున్నారు." ఇంకో ఆకు అందుకుంటూ, "తప్పు నాదే అనుకున్నా కాబట్టి ఆ పోస్టు గురించి మళ్ళీ ఎవర్నీ అడగలా. లేకుంటే అడిగేవాణ్ణి. గట్టిగానే అడిగేవాణ్ణి" అన్నాడు.

ఆయన ఆకు పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

"సుద్దతో గుర్తు పెట్టుకోమని చెప్పినానా లేదా?"

"చెప్పినావు అన్నా."

"ఎమ్మెస్సీలో ఫస్టంట" అని, మొదటిసారి కొంచెం నవ్వాడు. తర్వాత నవ్వు తీసేసి అన్నాడు. "నాకు చెప్పినావు, సరే. నాకు చెప్పేదాంతో పనయిపోలేదు. పన్నెండేండ్లు ఈమె నేను ఇంటికి రాగానే నా చొక్కా జేబులు వాసన చూసింది. ఒక్కసారి కూడా ఏమీ అనలా. చూసేది, ఆరేసేది. ఆమెకు చెప్పు."

ఆమె చెంబుతో వచ్చింది. ఆయన ఆమె చేతిలోంచి చెంబు తీసుకుని, "ఈయప్ప నీతో ఏందో మాట్లాడాలంట, విను" అన్నాడు. నేను నేల చూస్తూ ఒక్క గుక్కలో చెప్పాను. ఆమె గడపలో నిలబడి అంతా విన్నది. ఆయన వంక ఒకసారి చూసింది. ఆయన చెంబులో నీళ్ళు తాగుతున్నట్టు ముఖం దాచుకున్నాడు.

"పుస్తకం ఊరంతా సదివినారు సారూ" అంది ఆమె. "మీరేమో నేలకు చెప్తా ఉండారు. ఆడ పూలంగళ్ళ దాకా వినపడేట్టు చెప్పండి."

పూలంగళ్ళలో అప్పటికే ముగ్గురు నలుగురు చేతుల్లో దారం ఆపి ఇటు చూస్తున్నారు. నేను అరుగు దిగి, వీధి వైపు తిరిగి, క్లాసులో వెనక బెంచీకి వినబడేలా పెట్టే గొంతుతో మొదటినుంచి చెప్పాను.

"వదినా, అన్న ఆ గంజాయిలో ఒక్క ఆకు కూడా ముట్టలేదు. పంజరాల మీద చీటీలు మార్చింది నేను. ఆ సాయంత్రమే తెలిసి కూడా చెప్పలేదు. మళ్ళీ దాన్ని నవ్వులాటగా అచ్చు వేయించినాను. తప్పంతా నాది. మీరిద్దరూ నన్ను క్షమించండి."